గుట్ట మీద తెల్లదుప్పటి

వెనకాల అందరూ ఆవిణ్ని జల్లెడ అనేవాళ్లు. ముఖం మీద అనే ధైర్యం ఒక్క మరిదికే ఉండేది. అతను కూడా విమానం ఎక్కి, బెల్టు బిగించుకుని, ఆవిడ చెయ్యి అందనంత ఎత్తులో కూచున్నాకే అనేవాడు. పేరు ఊరికే రాలేదు. పిండి రెండుసార్లు జల్లించేది, టీ రెండుసార్లు వడగట్టేది. ఎవరైనా వచ్చి నాలుగు మాటలు చెబితే మూడు పక్కన పారబోసి ఒకటి ఉంచుకునేది. "జరిగిందేంటో చెప్పు, ఉప్పూకారం నేను వేసుకుంటాలే" అనేది.

ఇలాంటి ఆడవాళ్ల గురించి రాసేవాళ్లు రెండో వాక్యంలో త్యాగమూర్తి అనీ, మూడో వాక్యంలో మౌనంగా భరించిందనీ రాసేస్తారు. ఆవిడ దేన్నీ త్యాగం చెయ్యలేదు. మౌనంగా ఉన్నది నిద్రలోనే, అప్పుడు కూడా గురక పెట్టేదని మొగుడి ఫిర్యాదు. ఆవిడ చేసింది ఒక పని. పొలాల మీద పురుగుమందు చల్లే చిన్న విమానంలో పెట్రోలు పోసేది, మందు కలిపి నింపేది. పెళ్లయిన ఏడాదే మొదలుపెట్టింది. అప్పట్లో విమానం నడిపేది మొగుడు. తర్వాత ఆయనకి ఒక కంట్లో చూపు మసకబారింది. డాక్టరు ఇక నడపకూడదన్నాడు. నడపడం తమ్ముడి వంతయింది. అన్నగారు పొలం గట్టున జెండా పట్టుకుని నిలబడి, ఏ వరస తర్వాత ఏ వరసో చూపించే పనిలోకి దిగాడు. అంత ఎత్తు నుంచి ఇంత కిందికి దిగినా ఆయన దిగులుపడలేదు. ఇంజిన్ల పక్కన బతికిన చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి కాబట్టి జాలి మాటలు ఆయన దాకా చేరేవి కావు.

వాళ్లది ఒక గడ్డి మైదానం. పొడవాటి పట్టీలా కోసిన గడ్డి, చివర రేకుల షెడ్డు, షెడ్డు వెనక ఒకే వసారాని పంచుకున్న రెండు వాటాల ఇల్లు. షెడ్డు నేల సిమెంటుది. ఎంత కడిగినా మందు మరకలు పోని పసుపుపచ్చ సిమెంటు. ఒక గోడకి వరసగా మేకులు. మేకులకి రబ్బరు చేతితొడుగులు, ఏప్రాన్లు, చివరి మేకుకి తోలుగుడ్డ.

ఈ తోలుగుడ్డ గురించి చెప్పాలి. మేకతోలుని గుడ్డంత మెత్తగా చేసిన ముక్క అది. పెట్రోలు పోసేటప్పుడు దాన్ని గరాటులో పరిచేది. పెట్రోలుతో నానిన తోలు పెట్రోలుని కిందికి వదిలి, నీటి చుక్కని పైనే పట్టి ఉంచుతుంది. పెట్రోలులోకి నీళ్లెక్కణ్నించి వస్తాయంటే, ఆరుబయట నిలబెట్టిన పీపాల మూతల మీద వాన నిలుస్తుంది. పగలు వేడికి ఉబ్బి, చల్లబడగానే ముడుచుకునే పీపా ఆ నీటిని మరచుట్ల సందులోంచి లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లతో ఇంజిన్ నడవదు. అందుకే ఆ తోలుకి వేరే ఏదీ తగలనిచ్చేది కాదు. మొగుడు ఒకసారి దాంతో కళ్లద్దాలు తుడుచుకోబోతే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఆ కేకకి విమానం రెక్క మీది పిట్టలు లేచిపోయాయని చెప్పుకునేవాళ్లు.

నింపాక టాంకీ అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి, గాజుసీసాలోకి కాస్త వదిలి చూడాలన్నది ఇంకో నియమం. పొద్దున్నే ఒకసారి చూసేది. పని జోరుమీద ఉన్నప్పుడు, మధ్యలో, చూసేది కాదు. తోలు ఉందిగా అనుకునేది. ఆవిడ జీవితంలో జల్లెడ పట్టకుండా నమ్మింది ఆ జల్లెడ ఒక్కదాన్నే.

విమానంలో రేడియో ఒకప్పుడు ఉండేది. ఇంజిన్ గోలలో అది చెప్పేది వినపడదు, పైగా బరువు అంటూ మరిది పీకి అటక మీద పడేశాడు. దానికి బదులు ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తు ఒకటి ఉండేది. నేల మీద తెల్లదుప్పటి పరిచి నాలుగు మూలలా రాళ్లు పెడితే, పని ఆపి ఇంటికి రమ్మని. గాలి లేచినా, రైతు మనసు మార్చుకున్నా, ఇంటికి ఎవరైనా ముఖ్యమైన మనిషి వచ్చినా అదే దుప్పటి. దానికి ఒక్కటే అర్థం. ఇంకో గుర్తు అవసరమని ఎవరికీ తోచలేదు.

కిందటి శీతకాలంలో మరిది పెళ్లి చేసుకున్నాడు. వచ్చిన తోడికోడలు ఆస్పత్రిలో నర్సు. చేతులు మోచేతుల దాకా కడుక్కునే మనిషి. వచ్చిన వారానికే జల్లెడ అరచేతుల మీది ఎర్రటి దద్దుర్లు చూసి, "ఇదేంటక్కా, ఇవి చేతులా?" అంది.

"చేతులే. నీకు కావాలంటే కాళ్లనుకో."

"ఆ మందు ఒంట్లోకి ఇంకిపోతుంది తెలుసా?"

"ఇన్నేళ్లుగా ఇంకింది. ఇంకా ఎక్కడ చోటుందో అది వెతుక్కుంటుందిలే."

వసారా అవతల కూచున్న మరిది పడీపడీ నవ్వాడు. తోడికోడలు నవ్వలేదు. ఆవిడకి ఆ ఇంట్లో ఉన్న భయాలు రెండు. ఒకటి మందు, రెండోది అక్క నోరు. మొదటి భయాన్ని సబ్బుతో ఎదుర్కోవచ్చు.

ఆ ఏడు కాపు వేళకి ముసురు పట్టింది. రోజుల తరబడి సన్నగా, విసుగ్గా, కురుస్తూనే ఉంది. విమానం షెడ్డులో తడిసిన కోడిలా ముడుచుకుని నిలబడింది. గుట్ట అవతల పత్తిచేలల్లో పురుగు పడిందనీ, ఆకులు జల్లెళ్లయిపోతున్నాయనీ రైతులు వచ్చి మొత్తుకుంటున్నారు. వాన ఆగిన పొద్దున గాలి లేదు. ఆకు కదలడం లేదు. మబ్బు గుట్ట నెత్తి మీదికి దిగి కూచుంది. మందు చల్లడానికి అంతకన్నా మంచి పొద్దు దొరకదు. తర్వాత చాలామందికి ఆ పొద్దున చాలా అపశకునాలు గుర్తొచ్చాయి. ఒకరికి కాకి, ఒకరికి తుమ్ము. జరిగిపోయాక శకునాలు వెతికిపెట్టడానికి ఊళ్లో మనుషులు కరువా? ఆ పొద్దున నిజంగా చెడ్డదేదైనా ఉంటే అది మేకుకి వేలాడుతోంది. దాని వంక ఎవరూ చూడలేదు.

పొద్దున్నే కుళాయి తిప్పి చూసింది. వానకి ముందు నింపిన పెట్రోలు, తేటగా ఉంది. మొగుడు జెండా తీసుకుని ట్రక్కులో గుట్ట అవతలికి వెళ్లిపోయాడు. మరిది రెండు దఫాలు మందు తీసుకెళ్లి చల్లి వచ్చాడు. బరువుతో వెళ్లేటప్పుడు గుట్టకీ గుట్టకీ మధ్య సందులోంచి, కిందుగా, ఈదుకుంటూ పోయేవాడు. ఖాళీ అయ్యాక గుట్ట మీదుగా ఎగిరి ఇంటికి వచ్చేవాడు. విమానం గుట్ట దాటితే చాలు, ఎవరో తలుపు మూసినట్టు శబ్దం ఆగిపోయేది.

మూడో దఫాకి పెట్రోలు కావాలి. మరిది కిందికి దిగి రెక్కకి ఆనుకుని బన్ను తింటున్నాడు. ఆవిడ కొత్త పీపాకి చేతిపంపు బిగించి, గరాటులో తోలు పరిచి, తిప్పడం మొదలుపెట్టింది.

"తొందరగా కానీ వదినా, ఈ మబ్బు మళ్లీ మనసు మార్చుకునేలా ఉంది."

"నీ పెళ్లాం కంటే నయం, మబ్బు చెప్పి మార్చుకుంటుంది."

"దాన్నేమీ అనకు. నిన్ను చూస్తేనే దానికి కాళ్లు వణుకుతున్నాయి. నిన్న నిద్రలో 'అక్కా, నేను కాదు' అంది."

"ఏం చేసిందట?"

"అది చెప్పకుండానే అటు తిరిగి పడుకుంది."

ఇద్దరూ నవ్వారు. గరాటులోంచి పెట్రోలు రోజూకన్నా చురుగ్గా దిగుతోంది. "ఇవాళ ఇదేంటి, ఇంత తొందరపడుతోంది?" అంది ఆవిడ. "నీ నోటికి జడిసి" అన్నాడతను, సీట్లోకి ఎక్కుతూ. బెల్టు బిగించుకున్నాక, "వస్తా జల్లెడా!" అని అరిచాడు. ఆవిడ తడిగుడ్డ విసిరింది. అది చక్రానికి తగిలింది. విమానం గడ్డి మీద బరువుగా పరిగెత్తి, చివరి దాకా వెళ్లి, అయిష్టంగా లేచి, సందు వైపు తిరిగింది.

అప్పుడు ఆవిడ తోలు పిండింది.

రోజూ పిండితే అది నూనెలా జారేది. ఇవాళ వేళ్ల సందుల్లోంచి నురగ వచ్చింది. చిన్న చిన్న బుడగలు, మెరుస్తూ. పెట్రోలుకి నురగ రాదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్రోలు వాసన కింద ఇంకో వాసన, ఆస్పత్రి వరండాల్లో ఉండే వాసన.

"అమ్మాయ్!"

తోడికోడలు వసారాలోంచి వచ్చింది. తోలునీ ఆవిడ ముఖాన్నీ చూసి అక్కడే ఆగిపోయింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే అక్కా. ముసురు రోజుల్లో. మందు చేతుల్తోనే అన్నీ పట్టుకుంటారు గదా అని చేతితొడుగులూ ఏప్రాన్లూ ఉతుకుతూ అది కూడా సబ్బు పెట్టి... ఆరాక గట్టిపడిపోయింది. నలిపి నలిపి మెత్తగా చేసి మళ్లీ అక్కడే పెట్టాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తిడతారని."

ఆవిడ పంపు గొట్టాన్ని పీపా అడుగు దాకా దింపి, గాజుసీసాలోకి రెండు తిప్పులు తిప్పింది. సీసాని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. పైన లేత నీలం పెట్రోలు. అడుగున, వేలెడు మందాన, రంగులేనిది ఇంకొకటి. రెండిటి మధ్యా కత్తితో గీసినట్టు గీత.

"అదేంటక్కా?"

"నీళ్లు."

"విమానంలోకి కూడా పోయాయా?"

"సబ్బు తాగిన తోలు నీళ్లని ఆపదు. పోయాయి."

"ఎన్ని?"

"తెలీదు."

"ఏమవుతుంది?"

"మట్టసంగా ఎగిరినంతసేపూ అడుగున పడుంటాయి. ముక్కు పైకెత్తి ఎక్కువసేపు ఎక్కితే వెనక్కి జారి గొట్టంలో పడతాయి. అప్పుడు..." ఆవిడ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఎవరి మాటనైనా మధ్యలో తుంచడం ఆవిడకి అలవాటే గానీ, తన మాటని తుంచుకోవడం అదే మొదటిసారి.

ట్రక్కు మొగుడి దగ్గరుంది. షెడ్డు పక్కన తోడికోడలి స్కూటరు ఉంది. ఆవిడ జన్మలో దాని మీద ఎక్కనని భీష్మించుకున్న స్కూటరు. ఇంట్లోకి పరిగెత్తి మంచం మీది తెల్లదుప్పటి లాక్కొచ్చి, వెనక కూచుని, "పోనియ్" అంది. స్కూటరు బురదలో జారుతూ, తేరుకుంటూ, గుట్ట దారి పట్టింది. ముందు కూచున్న పిల్ల గొణుగుతోంది. ఏ దేవుడికో మొక్కుకుంటోంది.

"దేవుడికి పెట్రోలు సంగతి ఏం తెలుసు? గేరు మార్చు!"

"మార్చాను అక్కా, ఇంతకన్నా లాగదు."

"మందు బరువుతో సందులోంచి వెళ్లాడు. అది మట్టసమే. ఇంకా ఏం కాలేదు. చేలో పైపైనే తిరుగుతుంటాడు."

ఇది తోడికోడలికి చెప్పిందో తనకి చెప్పుకుందో ఆవిడకే తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే. వాణ్ని కిందికి దింపాలి. ఎలాగైనా సరే, ఇప్పుడే దింపాలి.

గుట్ట మీద దారి మలుపు తిరిగేచోట చెట్లు లేవు. కింద లోయ మొత్తం కనిపిస్తుంది. చేల మీద పొగమంచులాంటి తడి, దాని మీద పసుపు రెక్కల విమానం, గట్టున మొగుడి జెండా ఎర్రటి చుక్కలా. ఇంజిన్ నిండుగా, ఆరోగ్యంగా మోగుతోంది. విమానం వరస చివర దాకా వచ్చి, కొద్దిగా లేచి, తిరిగి, మళ్లీ కిందికి వాలింది. ఆ కొద్దిగా లేచిన ప్రతిసారీ ఆవిడ ఊపిరి బిగబట్టింది. ప్రతిసారీ ఏం కాలేదు.

ఇద్దరూ దుప్పటి పరిచారు. మూలల మీద రాళ్లు పెట్టారు. తోడికోడలు చేతులూపుతూ ఎగిరెగిరి అరిచింది, అంత దూరం గొంతు చేరదని తెలిసీ. తర్వాతి వరసలో విమానం ఇటు తిరిగినప్పుడు రెక్కలు రెండూ అటూ ఇటూ ఊగాయి.

"చూశాడు! అక్కా, చూశాడు!"

ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే విమానం వరస వదిలేసి వాళ్ల వైపు తిరిగింది. ముక్కు పైకి లేచింది.

దుప్పటికి ఒక్కటే అర్థం. ఇంటికి రా అని. ఉన్నచోటే దిగిపొమ్మని చెప్పే గుర్తు వాళ్ల దగ్గర లేదు, ఎప్పుడూ లేదు. ఇల్లు గుట్టకి ఇటుపక్క ఉంది. ఇంటికి రావాలంటే గుట్ట ఎక్కాలి. అతను ఎక్కుతున్నాడు. మందు సగం బరువుతో, సందు దాకా చుట్టూ తిరిగే ఓపిక లేకుండా, ఇంట్లో ఏం జరిగిందో అన్న కంగారుతో, నిటారుగా, ఆపకుండా.

ఆవిడకి పైప్రాణాలు పైనే పోయాయి. రాళ్లు కాలితో తన్నేసి దుప్పటి లాగేసింది, చుట్టేసింది, ఒంటికి అదుముకుంది. చేతులు అడ్డంగా ఊపింది, వద్దు వద్దని. పైనుంచి చూసేవాడికి అవి తొందరగా రమ్మనే చేతులు.

ఇంజిన్ ఒకసారి దగ్గింది. గొంతు సవరించుకున్నట్టు, అంతే. మళ్లీ మోగింది. మళ్లీ దగ్గింది. తర్వాత గాలి ఈల మాత్రం మిగిలింది.

చప్పుడు లేని విమానం అంత దగ్గరగా ఎలా ఉంటుందో అంతవరకూ ఆవిడకి తెలీదు. అది వాళ్ల నెత్తి మీదుగా ఒరిగి తిరిగింది. గొట్టాల్లోంచి కారిన మందు చినుకులు ఇద్దరి మీదా పడ్డాయి. అద్దంలోంచి అతను కనిపించాడు. ఎడమచెయ్యి ఎర్ర లివరు మీద ఉంది. ఇలాంటప్పుడు అది లాగాలి. లాగితే మందంతా ఒక్కసారిగా కిందికి పోయి విమానం తేలికవుతుంది. కింద ఆవిడా, అతని పెళ్లామూ నిలబడి ఉన్నారు. అతను లాగలేదు. వాళ్లని దాటాక లాగడానికి కింద ఎత్తు మిగల్లేదు.

చక్రాలు చేలో ఆనాయి. కొంతదూరం పత్తి మొక్కల్ని చీల్చుకుంటూ నిక్షేపంగా పరిగెత్తింది. "దిగాడు" అంది తోడికోడలు. వారం పాటు వాన తాగిన నేల అక్కడ మెత్తగా ఉంది. చక్రాలు కూరుకుపోయాయి. తోక మెల్లిగా, వెనక ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటున్నట్టు పైకి లేచి, బోర్లా పడింది. చప్పుడు గుట్ట మీదికి తర్వాత వచ్చింది.

వాళ్లు చేరేసరికి మొగుడు అక్కడున్నాడు, జెండా ఇంకా చేతిలోనే ఉంది. మరిది బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాడు. చిట్లిన మందు టాంకీ అతని మెడ మీదుగా, జుట్టులోంచి, కిందికి కారుతోంది. అన్న తమ్ముడి భుజాలు పట్టుకుని లాగబోయాడు.

"బావగారూ, లాగకండి!" అంది తోడికోడలు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ ఆయనతో గొంతు పెంచి మాట్లాడింది అదే మొదటిసారి. మొద్దుబారిన ఆ చెవులక్కూడా వినపడింది. "మెడ విరిగి ఉంటే చంపేస్తారు. తల నేను పట్టుకుంటాను. మీరు నడుము ఎత్తి పట్టుకోండి. అక్కా, బెల్టు కొయ్యండి."

జల్లెడ మొగుడి జేబులోంచి చాకు తీసి బెల్టు కోసింది. ఎవరో చెబితే ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఆవిడ చేసిన పనుల్లో అదొకటి. పక్కన పంటకాలవ ఉంది. బట్టలు చింపేసి, ఆ నీళ్లే దోసిళ్లతో, జెండా గుడ్డతో, మొగుడి టోపీతో పోసి పోసి కడిగారు. ట్రక్కు వెనక పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లేదాకా తోడికోడలు అతని తలని రెండు చేతుల మధ్య నుంచి కదలనివ్వలేదు.

బతికాడు. మెడ ఎముకలో చీలిక, పక్కటెముకలు విరగడం, మందు వల్ల రోజుల తరబడి వణుకు. ఉతకడం వల్ల వచ్చిన ముప్పు కడగడం వల్ల పోయిందని ఒకాయన చమత్కరించాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు గండం గడిచిందన్నారు, పెట్టి పుట్టాడన్నారు, దేవుడున్నాడన్నారు.

"ఉంటే తోలుకి సబ్బు రాస్తున్నప్పుడు ఎక్కడున్నాడట?" అంది ఆవిడ. వాళ్లు పళ్లసంచీ అక్కడ పెట్టి లేచిపోయారు.

విచారణకి వచ్చిన ఆఫీసరు పెట్రోలు ఎవరు పోశారని అడిగితే, నేనే అంది. తోలు పాడైంది, చూసుకోలేదు, కుళాయి తిప్పి చూడలేదు అంది. పక్కనే ఉన్న తోడికోడలు, "దాన్ని ఉతికింది నేను" అంది. ఆఫీసరు వెళ్లాక ఆవిడ తోడికోడలి వైపు తిరిగి, "నువ్వు చెప్పి ఉంటే బాగుండేది" అంది. మళ్లీ తనే, "చెప్పనిచ్చేలా నేనుంటే ఇంకా బాగుండేది" అంది. ఆ ఇద్దరి మధ్యా ఆ విషయం మీద అంతకన్నా మాటలు జరగలేదు. కౌగిలింతలు జరగలేదు. వసారాలో కూరలు తరుక్కుంటూ కూచునేవాళ్లు, అంతే.

ఆవిణ్ని తొలిచింది తోలు కాదు. తోలు తప్పేమిటో తెలుసు, తెలిసిన తప్పుని మనిషి ఎక్కడో ఒకచోట పెట్టుకోగలడు. తొలిచింది దుప్పటి. పరచకపోతే ఏమయ్యేది? మందంతా చల్లేసి, తేలికగా, ఎప్పటిలా గుట్ట ఎక్కేవాడు. అప్పుడూ ఇంజిన్ ఆగేదే, కానీ మందు టాంకీ ఖాళీగా ఉండేది. లేదా చేలోనే, వరస చివర లేచినప్పుడు, కరెంటు తీగల దగ్గర ఆగేది, ఇప్పుడు మనిషే ఉండేవాడు కాదు. దుప్పటి చూడకముందే ఇంజిన్ దగ్గి ఉంటే, దుప్పటి వాణ్ని కాపాడింది. దగ్గకుండా ఉంటే, ఆరోగ్యంగా తిరుగుతున్నవాణ్ని తనే పిలిచి పడేసింది. రెండిట్లో ఏది నిజమో చెప్పగలిగినవాడు ఒక్కడే.

"నాకు బన్ను గుర్తుంది వదినా" అన్నాడతను, మెడకి పట్టీతో. "తర్వాత ఆస్పత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు."

"నేను విన్నాను" అన్నాడు మొగుడు. "అది ముందే దగ్గింది. మీ దుప్పటి కంటే ముందే. చేలో నా పక్కనించి పోయినప్పుడు."

ఆవిడ మొగుడి వంక చూసింది. తలుపు విరిగేలా బాదినా లేవని మనిషి. కుక్కరు ఈల వినపడక అన్నం మాడ్చిన మనిషి. ఆయన చూపు పక్కకి తిప్పుకోలేదు. మంచి మనిషే, అబద్ధం కూడా బాగానే చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆవిడ ఆ ప్రశ్న ఆయన ముందు ఎత్తడం మానేసింది.

మళ్లీ కాపు వేళ వచ్చేసరికి షెడ్డులో ఇంకో విమానం ఉంది. పాతదే, వేరేవాళ్లది కొన్నారు. పీపాలు ఇప్పుడు కప్పు కింద పడుకున్నాయి. కొత్త తోలు తాళం వేసిన పెట్టెలో ఉంది. ఎర్రగుడ్డ ఒకటి చేరింది, ఉన్నచోటే దిగిపొమ్మని గుర్తు. రెండు గుర్తులయ్యాయి. మూడోది దేనికి కావలసి వస్తుందో వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

మరిది ఎడమచేతి వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. కప్పు పట్టుకుంటే సాసరు మోగుతుంది. డాక్టరు ముందు అతను కప్పు పట్టుకోలేదు, మళ్లీ నడపొచ్చన్న కాగితం తెచ్చుకున్నాడు.

"మీరు పెట్రోలు పొయ్యనంటే ఆగుతాడక్కా" అంది తోడికోడలు వసారాలో, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా. "నా మాట వినడు. మీరు పొయ్యనని ఒక్కమాట అనండి."

ఆవిడ అంది. ఆ సాయంత్రమే, అన్నం పెడుతూ, "నేను పొయ్యను, ఆ చేతులు చూసుకున్నావా" అంది.

"సరే" అన్నాడతను తేలిగ్గా. "నేనే పోసుకుంటాను. ఏముంది అందులో, పంపు తిప్పడమేగా."

ఆవిడకి తెలుసు, వాడు పోసుకుంటాడు. తోలు సరిగ్గా పరచడు. కుళాయి తిప్పి చూడడు, చూసినా సీసాని వెలుగులోకి ఎత్తడు. మబ్బు వస్తోందంటూ సగంలో ఎక్కి కూచుంటాడు. పొయ్యనంటే ఆగడు. పోస్తే తనే పంపినట్టు. తోడికోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. ఇంకేమైనా అంటుందేమోనని చూసింది. జల్లెడ అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది.

పొద్దున్నే ఆవిడే పోసింది. కుళాయి తిప్పి సీసా పట్టింది. తేటగా ఉంది. పారబోసి మళ్లీ పట్టింది. మళ్లీ తేటగానే ఉంది. అంత తేటగా ఉండడం కూడా ఆవిడకి నచ్చలేదు. మరిది సీట్లో కూచుని బెల్టు బిగించుకుంటున్నాడు. బకిలు దొరకడానికి ఎడమచెయ్యి తడుముకుంటోంది.

ఆవిడ రెక్క మీద కాలు పెట్టి ఎక్కింది. ఎప్పుడూ ఎక్కని మనిషి.

"ఒక్కమాట చెప్పు. దుప్పటి చూడకముందు అది దగ్గిందా?"

"ఒట్టు వదినా, గుర్తులేదు."

"ఆలోచించు."

"ఎంత ఆలోచించినా అక్కడ ఏమీ లేదంటే వినవే."

ఆవిడ అతని ఎడమచేతి వంక చూసింది. దాన్ని తీసి బకిలు మీద పెట్టింది. అది టక్కుమని పడేదాకా వదల్లేదు.

"అయితే ఈసారి గుర్తుపెట్టుకో" అంది.

అతను నవ్వాడు. ఆవిడ కిందికి దిగి, విమానం దారిలోంచి పక్కకి తప్పుకుంది.